“బాగుండాను నాయనా” అన్న మాటతో ఆగిపోకండి: ఒంటరిగా ఉంటున్న పెద్దవారిలో గమనించవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మగారికి డెబ్బై మూడేళ్లు. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. తిరుపతి బైరాగిపట్టెడలోని సొంత ఇంట్లో ఆమె ఒక్కరే ఉంటున్నారు. మీరు బెంగళూరులో, మీ చెల్లెలు అమెరికాలో ఉన్నారు. రోజూ ఫోన్ చేస్తే “బాగుండాను నాయనా, నువ్వు తిన్నావా” అంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం ఆమె చిక్కిపోయినట్లు, గోవిందరాజస్వామి గుడికి వెళ్ళడం మానేసినట్లు, పగలంతా టీవీ ముందు కునుకుతూ కూర్చుంటున్నట్లు మీ కంటపడింది. ఇది వయసు వల్ల వచ్చినదా, ఒంటరితనమా, జబ్బా, బెంగళూరుకు తీసుకుపోవడమే దారా అన్నవి మీ ప్రశ్నలు. తిరుపతిలో చాలాకాలంగా వృద్ధుల వైద్యం చూస్తున్న వైద్యురాలిగా నాకు తెలిసినది వివరంగా చెబుతాను.

తమకు తోచడం లేదని, తోడు లేక దిగులుగా ఉందని పెద్దవారు నోరు తెరిచి చెప్పడం చాలా అరుదు. చెబితే కొడుకు ఉద్యోగం వదులుకుని రావలసి వస్తుందేమోనని, చుట్టాలు పిల్లలను తప్పుపడతారేమోనని, ఉన్న ఇల్లు వదిలిపెట్టమంటారేమోనని వారి భయం. అందుచేత వారి మాటలకంటే వారు మానేసిన పనులు మనకు ఎక్కువ చెబుతాయి. ఏ పని మానేశారు, ఎప్పటి నుంచి మానేశారు, సరిగ్గా దేనివల్ల మానేశారు అన్న మూడింటికి జవాబులు దొరికితే సగం వైద్యం అయిపోయినట్లే. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యం. చాలా కుటుంబాలు మొదటిదాన్ని గమనించి, మూడోదాన్ని అడగకుండానే “వయసైపోయింది” అని తేల్చేస్తాయి.

ఒక సంగతి ముందుగా స్పష్టం చేసుకోవాలి. పలకరించే మనుషులు, రాకపోకలు, అవసరానికి ఆదుకునేవారు తగ్గిపోవడం ఒక స్థితి. దీన్ని బయటివారు కూడా లెక్కపెట్టి చూడవచ్చు. తనకు కావలసినంత ఆప్యాయత దొరకడం లేదన్న బాధ మరొక స్థితి. అది ఆ మనిషికే తెలుస్తుంది. రెండూ ఎప్పుడూ కలిసే ఉండాలని లేదు. పూజ, తోటపని, చదువుకోవడం వంటి వాటితో ఒంటరిగానే తృప్తిగా జీవించే పెద్దలు ఉన్నారు. వారిని బలవంతంగా జనంలోకి లాగవలసిన పని లేదు. నలుగురు మనుషులున్న ఇంట్లో ఉంటూ, ఏ నిర్ణయంలోనూ తనను అడగరని, తన మాట ఎవరికీ పట్టదని లోలోపల కుమిలిపోయే పెద్దలూ ఉన్నారు. నా దగ్గరకు వచ్చేవారిలో ఈ రెండో రకం తక్కువేమీ కాదు. కాబట్టి కేవలం ఒక్కరే ఉంటున్నారన్న కారణంతో భయపడనవసరం లేదు, కొడుకు ఇంట్లో ఉన్నారన్న కారణంతో నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు.

ఇది కేవలం మనసుకు సంబంధించిన విషయం కాదని కూడా చెప్పాలి. అమెరికాలోని జాతీయ విజ్ఞాన, ఇంజనీరింగ్, వైద్య అకాడమీలు 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, మనుషులకు దూరమైన పెద్దవారిలో మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పు సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. సంబంధాలు సన్నగిల్లినవారిలో, ఒంటరితనంతో బాధపడేవారిలో గుండె జబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం అధికంగా ఉన్నట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8,71,000కు పైగా మరణాలు దానితో ముడిపడి ఉన్నాయని అంచనా వేశారు. ఒంటరితనమే ఈ జబ్బులన్నింటినీ తెచ్చిపెడుతుందని ఈ లెక్కల అర్థం కాదు. జబ్బు మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది, ఇంట్లో కూర్చోవడం మళ్ళీ జబ్బును పెంచుతుంది. వండుకోబుద్ధి కాక తిండి తగ్గుతుంది, గుర్తుచేసేవారు లేక మాత్రలు తప్పుతాయి, నడక ఆగి కండ బలం పోతుంది, రాత్రి నిద్ర చెదురుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి.

మీ అమ్మగారి విషయంలో నాకు మొదట తట్టినది ఆ ఏడాది మైల గురించి. మన ప్రాంతంలో భర్త పోయిన ఇల్లాలు సంవత్సరీకం అయ్యేదాకా తిరుమల కొండకు వెళ్ళరు, ఊరి గుళ్ళకు వెళ్ళరు, పెళ్ళిళ్ళకు పోరు, పండుగ చేసుకోరు. దుఃఖంలో ఉన్న మనిషికి కొంత విశ్రాంతినీ మర్యాదనూ ఇచ్చే ఆచారంగా దాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే ఆ ఏడాదిలో తెగిన అలవాట్లు సంవత్సరీకం నాడు వాటంతట అవి తిరిగి రావు. వారం వారం తిరుచానూరు అమ్మవారి గుడికి కలిసి వెళ్ళిన స్నేహితురాళ్ళు ఈలోగా వేరే తోడు చూసుకుంటారు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పిలిచేవారు పిలవరు. తాంబూలానికి రమ్మని గడపలో నిలబడి కేకవేసిన పక్కింటి ఆమె ఇప్పుడు కళ్ళు తప్పించుకుని పోతుంది. మన ఆడవారి స్నేహాలు చాలావరకు పేరంటాలు, నోములు, పండుగల రాకపోకల మీదనే అల్లుకుని ఉంటాయి. భర్త పోవడంతో ఆ వలయం మొత్తం ఒక్కసారిగా విడిపోతుంది. అది ఆమె తనంతట తాను ఎంచుకున్న ఏకాంతం కాదు. పిలవని చోటికి పోయి ఎదురుపడటం ఇష్టంలేక, ఎవరో ముఖం చిట్లిస్తారేమోనన్న శంకతో గుడికి కూడా వెళ్ళడం మానేసినవారిని నేను చాలామందిని చూశాను. సంవత్సరీకం తర్వాత మీ ఇంటి నుంచి ఎవరైనా ఆమెను వెంటబెట్టుకుని మొదటిసారి గుడికి తీసుకువెళ్ళారా అని ఒకసారి ఆలోచించండి. ఆ మొదటి అడుగుకు చేయి అందించేవారు లేకపోతే చాలామంది ఇక బయటకు రారు.

ఇక ఇంట్లో చూడవలసినవి. ఇంటి ముందు ముగ్గు పడుతున్నదా లేదా అన్నది ఇరుగుపొరుగును అడిగినా తెలుస్తుంది; మోకాళ్ళ నొప్పులతో చిన్నదిగా వేయడం వేరు, పూర్తిగా మానేయడం వేరు. వంటగదిలో మూడు రోజుల కిందటి పులుసు, ఊరగాయ, మజ్జిగ తప్ప కూరగాయలు కనబడకపోతే ఆమె వండుకోవడం లేదని అర్థం. “ఒక్కదానికి సంగటి ఏం కెలికేది” అన్న మాట మన వైపు తరచుగా వింటాం. దాన్ని సోమరితనంగా తీసుకోకండి. గ్యాస్ సిలిండర్ మునుపు ఎన్నాళ్ళకు అయిపోయేది, ఇప్పుడు ఎన్నాళ్ళకు అవుతున్నది అన్న లెక్క బుకింగ్ సందేశాలలోనే ఉంటుంది. బీపీ, షుగర్ మాత్రల షీట్లలో ఉండవలసిన దానికంటే ఎక్కువ మిగిలాయా అని చూడండి. వైద్యుడు రాయని నిద్రమాత్రలు ఏవైనా ఉన్నాయా అన్నది తప్పనిసరిగా చూడండి. పొద్దు గడవక, రాత్రి నిద్ర పట్టక, తెలిసిన మందుల షాపులో తెచ్చుకుని మింగేవారున్నారు, వాటివల్ల తూలి పడటం, మతిమరుపు పెరగడం జరుగుతాయి. రవికలు వదులయ్యాయా, గాజులు జారుతున్నాయా అని చూసి, ఇంటికి దగ్గరలో ఎక్కడైనా బరువు తూయించండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతం తగ్గితే అది పరీక్షలు చేయించవలసిన విషయం. ఒంటరితనం ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

ఫోన్ మరొక సాక్షి. ఆమె అనుమతితో కాల్స్ జాబితా చూడండి. లోపలికి వచ్చిన కాల్స్‌లో మీవి, మీ చెల్లెలివి మాత్రమే ఉండి, బయటకు చేసినవి దాదాపు లేకపోతే వలయం ఎంత చిన్నదైపోయిందో కళ్ళకు కడుతుంది. అంతకుముందు వాట్సాప్‌లో రోజూ దేవుడి బొమ్మలు పంపే మనిషి ఉన్నట్టుండి ఆపేశారా? అదీ గమనించదగినదే. తెలియని నంబర్లతో చాలాసేపు మాట్లాడినట్లుంటే జాగ్రత్తపడాలి. పోలీసులమంటూ బెదిరించే “డిజిటల్ అరెస్టు” మోసగాళ్ళకు, లాభాల ఆశ చూపేవారికి ఒంటరి పెద్దలు సులువుగా దొరుకుతారు. ప్రేమగా మాట్లాడే గొంతు వినబడి చాలాకాలమైన మనిషి ఆ గొంతు ఎవరిదని అనుమానించరు. పదే పదే డాక్టరు దగ్గరకు, బ్యాంకుకు చిన్న చిన్న కారణాలతో వెళుతున్నా నేను దాన్ని సంకేతంగానే తీసుకుంటాను. నా గది బయట వరుసలో కూర్చునే పెద్దల్లో కొందరు జబ్బు చూపించుకోవడానికి కాక, వరుసలో పక్కన కూర్చున్నవారితో మాట్లాడటానికి వస్తారు. వారిని పంపించివేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు.

పల్లెల్లో ఈ సంకేతాలు వేరుగా ఉంటాయి. చదివేవారిలో పలమనేరు, గంగాధరనెల్లూరు వైపు పెద్దలున్నవారు ఉంటారు కనుక ఇది చెబుతున్నాను. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఒక ఆవునో రెండావులనో పెట్టుకున్న పెద్దామె పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాల కేంద్రానికి వెళుతుంది. అక్కడ వెన్న శాతం చూపించుకుని, నలుగురితో మాట్లాడి, ఊళ్ళో ఎవరికి ఏమైందో తెలుసుకుని వస్తుంది. మోకాళ్ళు నొప్పులని, గడ్డి మోయలేదని, పిల్లలు మంచి మనసుతోనే ఆ ఆవును అమ్మేస్తారు. డబ్బు నెలనెలా పంపుతారు. కానీ రోజుకు రెండుసార్లు మనుషులను కలిసే పని పోయిందన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు. ఆరు నెలలకు ఆమె “కాళ్ళు లాగుతున్నాయి, తల తిరుగుతున్నది” అని నా దగ్గరకు వస్తుంది; పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలదు. ఒక పని మాన్పించేటప్పుడు దానితో పాటు ఏయే మనుషులు దూరమవుతారో చూసుకోవాలని ఇలాంటి కుటుంబాలకు నేను గట్టిగా చెబుతాను. మామిడితోట కౌలుకు ఇచ్చేసిన తండ్రికీ, అంగడి మూసేసిన మామకీ ఇదే వర్తిస్తుంది.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. “బాగున్నావా” అంటే “బాగుండాను” అన్న జవాబే వస్తుంది. “ఒంటరిగా అనిపిస్తోందా” అని సూటిగా అడిగితే “దేవుడున్నాడు, ఆయన కంటే తోడెవరు” అంటారు. నిన్నటి రోజు గురించి అడగండి. “నిన్న పొద్దున్నుంచి ఏమేం చేసినావమ్మా? ఇంటికి ఎవరెవరు వచ్చినారు? రాత్రి ఏం తిన్నావు? నీకు జ్వరమొస్తే ముందు ఎవరికి చెప్తావు?” చివరి ప్రశ్నకు “నీకే చెప్తా” అన్నారంటే, బెంగళూరులో ఉన్న మీరు తప్ప ఆ వీధిలో తలుపు తట్టి చెప్పుకోగలిగిన మనిషి ఆమెకు లేరన్నమాట. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే జవాబు అదే.

వైద్యులు వాడే కొలమానాలు కూడా ఇదే దారిలో తయారైనవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ పేరుతో ఉన్న ఒంటరితనపు కొలతకు మూడు ప్రశ్నల చిన్న రూపం ఉంది: తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, తనను పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ లేదంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచుగా అంటే 3 వేస్తారు. మొత్తం 3 నుంచి 9 వరకు వస్తుంది, 6 గానీ అంతకు మించి గానీ వస్తే సాధారణంగా ఒంటరితనంగా పరిగణిస్తారు. లుబెన్ పేరుతో ఉన్న ఆరు ప్రశ్నల కొలత సంబంధాలను లెక్కిస్తుంది: నెలలో ఎందరు బంధువులను చూస్తారు లేదా వారి మాట వింటారు, మనసులో మాట చెప్పుకోగలిగిన వారెందరు, సాయం అడగగలిగిన వారెందరు అని, మళ్ళీ ఇవే మూడు స్నేహితుల గురించి. 30కి 12 కంటే తక్కువ వస్తే వారు మనుషులకు దూరమయ్యే ప్రమాదంలో ఉన్నట్లు. వీటిని కాగితం పట్టుకుని పరీక్షలా అడగవద్దు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, సాయంత్రం వరండాలో కూర్చునో మాటల మధ్య అడగండి. ఆమె జవాబు చెప్పడానికి ముందు ఎంతసేపు ఆగారన్నది కూడా గమనించండి.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్నకు, అంటే దేనివల్ల మానేశారన్నదానికి వద్దాం. మనసు బాగోలేక బయటకు రావడం లేదనుకున్న ఎంతోమంది విషయంలో అసలు అడ్డంకి శరీరంలో ఉంటుంది. మొదట చూడవలసింది చెవి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో శబ్దం వినబడుతుంది గానీ మాట విడివిడిగా తెలియదు; ఒక్కరితో ఎదురుగా మాట్లాడితే సరిపోతుంది, నలుగురు కలిసినచోట ఏమీ అర్థం కాదు. ఎవరో నవ్వితే తన గురించేనేమోనని అనుమానం, తప్పు జవాబు చెబితే చిన్నతనం. రెండు మూడుసార్లు అలా జరిగాక మనిషి భజనకు పోవడం మానేస్తుంది. ఫోన్‌లో మీ అమ్మగారు మీరు అడిగినదానికి సరైన జవాబు చెబుతున్నారా, లేక “తిన్నావా, పిల్లలు బాగుండారా, సరే పెట్టేస్తా” అని రోజూ అవే మాటలు వరుసగా చెప్పి పెట్టేస్తున్నారా? అదైతే మీ మాట ఆమెకు వినబడటం లేదేమో ముందు చూడండి. కొన్నిసార్లు చెవిలో గులిమి తీయించడంతోనే తేడా కనిపిస్తుంది. కాకపోతే ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించి వినికిడి యంత్రం పెట్టించాలి. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ మతిమరుపు జబ్బుకు సంబంధించి మనం సరిదిద్దుకోగలిగిన 14 కారణాలను పేర్కొన్నప్పుడు వినికిడి లోపం, చూపు లోపం, మనుషులకు దూరం కావడం, కుంగుబాటు (డిప్రెషన్) ఆ జాబితాలో ఉన్నాయి. చెవిని బాగుచేస్తే వీటిలో ఒకటికంటే ఎక్కువ కారణాల మీద పనిచేసినట్లవుతుంది.

ఆడవారు ఎంతమాత్రం చెప్పుకోని మరొక కారణం మూత్రం ఆగకపోవడం. దగ్గినా తుమ్మినా బట్టలు తడుస్తాయన్న భయంతో బస్సెక్కరు, పెళ్ళికి పోరు, గుడి వరుసలో నిలబడరు. బయటకు పోవలసిన రోజు నీళ్ళు తాగడం మానేస్తారు. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. వాటిని సొంతంగా ఆపకూడదు; వేసుకునే వేళ మార్చవచ్చేమో వైద్యుణ్ణి అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. కొడుకుతో ఈ మాట చెప్పుకోలేరు కనుక, మీ చెల్లెలు గానీ మీ భార్య గానీ అడిగితే మంచిది. కళ్ళలో శుక్లాలు, మోకాళ్ళ అరుగుదల, ఒకసారి పడిపోయిన తర్వాత పట్టుకున్న భయం కూడా చూడాలి. రైల్వే స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా యాత్రికుల రద్దీ, ఆటోల తాకిడి ఎంతో మీకు తెలుసు; ఒక్కరే నడవడానికి భయపడి మానేసి ఉండవచ్చు, భక్తి తగ్గి కాదు.

ఒంటరితనాన్ని కుంగుబాటు నుంచి, మతిమరుపు జబ్బు నుంచి వేరుచేయడం వైద్యుల పనే అయినా ఇంట్లోవారు కొంత గుర్తుపట్టవచ్చు. కేవలం ఒంటరితనమైతే మనవలు రాగానే మనిషి లేచి తిరుగుతారు. ఊరిబిండి నూరుతారు, ఊరి కబుర్లన్నీ చెబుతారు, మీరు బయలుదేరే రోజున మళ్ళీ ముడుచుకుంటారు. కుంగుబాటు అయితే ఎవరు వచ్చినా ముఖంలో వెలుగు ఉండదు. రెండు వారాలకు మించి ఆకలి, నిద్ర, ఆసక్తి తగ్గి, తాను ఎవరికీ పనికిరానని, భారమైపోయానని అంటుంటారు. “ఆ దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో” అన్నది మన పెద్దల నోట మామూలు మాట అని కొట్టిపారేయకండి. “అట్లా ఎందుకు అనిపిస్తుందమ్మా, నీకు నువ్వు ఏమైనా చేసుకోవాలని అనిపించిందా” అని నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్నదని తెలిస్తే ఆమెను ఒక్కరినీ వదలకండి, మిగిలిపోయిన మాత్రలను, పల్లె ఇళ్ళలోనైతే పురుగుమందులను అందుబాటులో లేకుండా తీసివేయండి, ఆరోజే వైద్యుడికి చూపించండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

మతిమరుపు జబ్బు మొదలవుతున్నవారు తప్పులు బయటపడతాయన్న బెరుకుతో మనుషులకు దూరంగా జరుగుతారు. తెలిసినవారి పేరు గుర్తురాకపోవడం, అంగట్లో చిల్లర లెక్క తప్పడం, ఎన్నో ఏళ్ళుగా వండుతున్న వంటలో వరుస మరచిపోవడం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం కనిపిస్తే తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో చూపించండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి, వాటికి రక్తపరీక్ష చాలు. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి మారిపోతే, అంటే పొంతన లేకుండా మాట్లాడటం, పగలు మత్తుగా ఉండి రాత్రి కలవరించడం వంటివి కనిపిస్తే, అది ఒంటరితనమూ కాదు, వయసూ కాదు. ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్త మాత్రల ప్రభావం వంటి అత్యవసర కారణం ఉంటుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మగవారి గురించి ఒక్క మాట. భార్య ఉన్నంతకాలం చుట్టాల మంచిచెడ్డలు, పిల్లల కబుర్లు ఆమె ద్వారానే ఆయనకు చేరతాయి. ఆమె పోయాక ఆ దారి మూసుకుపోతుంది, తనంతట తాను ఎవరికీ ఫోన్ చేసే అలవాటు ఆయనకు ఉండదు. ఆయన బాధ కోపంగానో, తాగుడుగానో, ఇంట్లోవారితో చీటికిమాటికి తగవుగానో బయటపడుతుంది. ఉదయం ప్రకాశం పార్కుకు నడకకు వచ్చే గుంపులో ఒక మనిషి వారంరోజులు కనిపించకపోతే, మిగిలినవారు ఇంటికి వెళ్ళి పలకరించడం ఎంతో మేలు చేస్తుంది.

బెంగళూరుకు తీసుకువెళ్ళడం గురించి తొందరపడవద్దని నా సలహా. చిత్తూరు జిల్లా, తిరుపతి వైపు వారికి కన్నడం, తమిళం కొంత అర్థమవుతాయి కాబట్టి భాష పెద్ద అడ్డు కాకపోవచ్చు. కానీ మీరిద్దరూ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళాక, తొమ్మిదో అంతస్తులో మూసిన తలుపుల మధ్య ఆమెకు పది గంటలు ఎలా గడుస్తాయి? ఇక్కడ పాలు పోసే మనిషి, పూలమ్మే ఆమె, మందుల షాపు అబ్బాయి కనీసం పేరుపెట్టి పలకరిస్తారు. వచ్చి ఉండాలని ఆమెకే ఉంటే, ఇల్లు అమ్మకుండా, అద్దెకు కూడా ఇవ్వకుండా, ఒక నెలా రెండు నెలలు ఉండి చూడమనండి. తిరిగి పోవాలంటే పోవచ్చన్న భరోసా ఉంటే అక్కడ కుదురుకోవడం కూడా సులువవుతుంది. నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి.

ఇక్కడే ఉండేటట్లయితే ఏం చేయాలి? “గుడికి పోతూ ఉండమ్మా, కాలక్షేపమవుతుంది” అన్న సలహా పనిచేయదని నా అనుభవం. ఫలానా రోజున, ఫలానా వేళకు, తన కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నదని తెలిస్తేనే పెద్దవారు చీర మార్చుకుని బయలుదేరుతారు. మునుపు ఆమె ఎవరితో తిరుచానూరుకు వెళ్ళేవారో కనుక్కుని, వారింటికి మీరే స్వయంగా వెళ్ళి, “శుక్రవారం మా అమ్మను కూడా పిలవండి, ఆటో నేను మాట్లాడిపెడతాను” అని అడగండి. పిలవడానికి అవతలివారు కూడా మొహమాటపడుతూ ఉంటారు. మీరు అడిగితే వారికీ ఊరట. వారాల భజన, విష్ణు సహస్రనామ పారాయణం చేసే బృందాలు తిరుపతిలో దాదాపు ప్రతి పేటలో ఉన్నాయి. అందులో కూర్చుని వినడం కంటే ఏదో ఒక బాధ్యత ఉండటం మేలు. ప్రసాదం చేయడమో, పక్క వాటా పిల్లలకు శ్లోకాలు నేర్పడమో, ఏదైనా సరే. మీ ఇంట్లో జరిగే శుభకార్యంలో ఆమెను వెనుక గదిలో కూర్చోబెట్టకుండా ముందు వరుసలో ఉంచి, తొలి ఆశీర్వాదం ఆమె చేత ఇప్పించండి. చుట్టాలు చూసి నేర్చుకుంటారు. ఈ ఒక్కటి మీరు చేయగలిగితే పది మందులకంటే ఎక్కువ పనిచేస్తుందని నేను నమ్ముతున్నాను.

ఫోన్ చేసేటప్పుడు ఆమె క్షేమం మాత్రమే అడగకండి. ఆమె సాయం అడగండి. పచ్చడిలో ఉప్పు ఎంత వేయాలో, మేనత్త కూతురికి పెళ్ళిలో ఏం పెట్టాలో, పిల్లవాడి జ్వరానికి ఏం చేయాలో అడిగితే ఆమె మాటకు విలువ ఉన్నదని తెలుస్తుంది. మధ్యాహ్నం టీటీడీ వారి ఎస్వీబీసీ టీవీలో కల్యాణోత్సవం చూసి ఆమె భోజనానికి కూర్చునే వేళకు వీడియో కాల్ చేస్తే, తిన్నారో లేదో అడగకుండానే కనిపిస్తుంది. అమ్మగారి వీధిలో ఇద్దరిని ఎంచుకుని, వారి నంబర్లు మీ దగ్గర, మీ నంబరు వారి దగ్గర ఉండేలా చూసి, ఒకరికి ఇంటి తాళంచెవి ఇవ్వండి. సాయం కోసం పెద్దవారికే ప్రత్యేకించిన జాతీయ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ నంబరు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ఆ నంబరును ఆమె ఫోన్‌లో వేసి ఉంచండి. మీ విషయంలో అవసరం లేకపోయినా, పెద్దవారిని ఇంట్లోనే నిర్బంధించి, ఫోన్ లాక్కుని, చుట్టాలను రానివ్వకుండా చేసే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ స్థితిలో ఉన్నవారు ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. పిల్లలు పోషణే చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈసారి వచ్చేటప్పుడు పండుగ హడావిడి లేని మామూలు వారంలో, కనీసం నాలుగు రోజులుండేలా రండి. మొదటి రెండు రోజులు ఏమీ సరిదిద్దకుండా ఆమె దినచర్యను చూడండి. మూడో రోజు చెవి, కన్ను, బరువు, బీపీ చూపించి, రక్తపరీక్షలు చేయించండి. నాలుగో రోజు ఆమెను వెంటబెట్టుకుని గుడికి వెళ్ళి, దారిలో పాత స్నేహితురాళ్ళ ఇళ్ళకు తీసుకువెళ్ళండి. వైద్యుడి దగ్గరకు పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని, బరువు ఎప్పటి నుంచి తగ్గింది, ఏ పని ఎప్పుడు మానేశారు అన్నది తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వైద్యుడు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలంటే మీరు బయట కూర్చోండి.